ఐసు మీద ప్రసూనక్క

జ్ఞానప్రసూనని నేను మొదటిసారి చూసింది మెల్‌బోర్న్‌లో, క్లేటన్ బ్యాంకులో. తొంభై ఏడు చివర్లో అనుకుంటాను. వరసలో నా ముందు నిలబడి ఉంది, మంగళగిరి చీర మీద మగవాళ్ళ స్వెట్టర్ వేసుకుని. కౌంటర్లో పిల్ల, "హజ్బెండ్స్ నేమ్?" అని అడిగింది. ఈవిడ నవ్వింది. మళ్ళీ అడిగితే మళ్ళీ నవ్వి, హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి, ఆయన పేరున్న పేజీ విప్పి వేలు పెట్టి చూపించింది. ఆ పిల్ల ఈవిడకి ఇంగ్లీషు రాదనుకుని, గొంతు పెంచి, మాటమాటా విడదీసి మూడోసారి అడిగింది. నాకు ఒళ్ళు మండింది. వెనక నుంచి తొంగి చూసి, "రామ్మోహన్" అని నేనే చదివి చెప్పాను.

బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిందట. "మా నాయనమ్మ చెప్పేదమ్మా, మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని. నాకేం నమ్మకం లేదు. కానీ నోరు రాదు," అంది.

"నమ్మకం లేనప్పుడు ఒకసారి అనేస్తే పోలా అక్కా?"

"అని చూడ్డానికి అదేమన్నా పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డమా హఫీజా?"

అప్పటికే నా పేరు అడిగేసి, నాది నరసరావుపేటని తెలుసుకుని, తనది తెనాలని చెప్పేసి, నన్ను చెల్లెల్ని చేసేసుకుంది. అలా ఆమె నాకు ప్రసూనక్క, రామ్మోహన్ గారు బావగారు అయ్యారు. తీరా చూస్తే మా రెండు ఫ్లాట్లూ ఒకే మెట్ల మీద, ఎదురెదురుగా.

మా ఆయన ముస్తాక్‌నీ బావగారినీ ఈ దేశం రప్పించిన పని ఒకటే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారట. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు అది పంతొమ్మిది వందలనుకుని పిచ్చెక్కిపోతాయట. దిద్దాలంటే కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్ళు కావాలి. హైదరాబాదులో "ఇంకా కోబాలేనా మాస్టారూ" అని కుర్రాళ్ళ చేత నవ్వించుకున్న బావగారికి నలభై అయిదు దాటాక పెళ్ళికొడుకంత గిరాకీ వచ్చింది. మగాళ్ళిద్దరూ పొద్దున్నే రైలెక్కి పోయేవాళ్ళు. మేమిద్దరం డిపెండెంట్ వీసా మహారాణులం. పొద్దుపోని మహారాణులం. అక్కావాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి అక్క ఎత్తలేదు, నేనూ అడగలేదు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఎండలు మండిపోతున్నాయి. ఫ్లాట్‌లో ఏసీ లేదు. టీవీలో మాత్రం ఎటు చూసినా మంచు, జపాన్లో వింటర్ ఒలింపిక్స్. నేను ఐస్ స్కేటింగ్ గౌన్లు చూద్దామని వెళ్తే అక్క ఇంకేదో చూస్తోంది. ఒకామె పిడి ఉన్న పెద్ద గుండ్రాయిని ఐసు మీద మెల్లగా జారవిడిచింది. ఇద్దరు దాని ముందు పరుగెడుతూ బ్రష్షులతో ఐసుని తెగ రుద్దుతున్నారు. ఇంకొకామె అవతలి చివర నిలబడి గొంతు చించుకుంటోంది. అక్కడ రంగు వలయాలు గీసి ఉన్నాయి. మధ్య చుక్కకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింటు. దాన్ని కర్లింగ్ అంటారు.

"ఇదేం ఆటక్కా, ఒలింపిక్స్‌లో ఇల్లు ఊడవడం పెట్టారా?" అన్నాను.

"నోరు ముయ్యి. ఇది కేరమ్స్," అంది అక్క, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండా.

తెనాలిలో ముగ్గురన్నదమ్ముల మధ్య కేరమ్‌బోర్డు ముందు పెరిగిన మనిషి ఆమె. ఏ కాయిన్ దేనికి తగిలి ఎటు పోతుందో స్ట్రైకర్ కదలకముందే చెప్పేది. ఆ రెండు వారాలూ వంటలు మాడ్చి ఆ ఆట చూసింది. ఖాళీ క్యాసెట్ దొరక్క ఆడపడుచు పెళ్ళి వీడియో మీద రికార్డు చేసేసింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ క్యాసెట్ వేసినా, తలంబ్రాల పళ్ళెం ఎత్తబోతుండగా బొమ్మ గిర్రున తిరిగి కెనడా ఆడవాళ్ళు ప్రత్యక్షమయ్యేవాళ్ళు. బావగారు చెల్లెలికి ఏం జవాబు చెప్పుకున్నారో నాకు తెలీదు. అక్కని మాత్రం ఒక్క మాట అనలేదు.

అంతటితో ఆగితే ఆమె ప్రసూనక్క ఎందుకవుతుంది. ఎల్లో పేజెస్ తిరగేసి, పదిమందికి ఫోన్లు చేసి, ఊరికి అవతల ఒక పాత ఐస్ రింక్‌లో ఆదివారం సాయంత్రాలు, పిల్లల స్కేటింగ్ అయిపోయాక, పిడికెడుమంది ఈ ఆట ఆడతారని కనిపెట్టింది. జట్టుకి నలుగురు కావాలి. మేం నలుగురమే ఉన్నాం. ముస్తాక్ పాత మిత్సుబిషి మాగ్నా కార్లో ఎక్కించుకుని లాక్కుపోయింది. బావగారి ప్యాంటు బెల్టుతో బిగించుకుని ఆమె, దుపట్టా మీద ఉన్ని టోపీ పెట్టుకుని నేను. అద్దంలో చూసుకోకపోవడమే మంచిదైంది.

క్లబ్బు నడిపే గ్రేమ్ స్కాట్లాండ్ నుంచి కుర్రతనంలో వచ్చి, ట్రాములు నడిపి రిటైరైన మనిషి. మేం వెళ్ళేసరికి వీపుకి నీళ్ళ డబ్బా తగిలించుకుని, చేలో మందు కొడుతున్నట్టు ఐసంతా నీటి చుక్కలు చల్లుతున్నాడు. ఆ చుక్కలు గడ్డకట్టి సన్న సన్న బొడిపెలవుతాయి. రాయి జారేది వాటి మీదే. దాని ముందు బ్రష్షుతో రుద్దినకొద్దీ ఇంకాస్త దూరం పోతుంది.

"బోరిక్ పౌడర్!" అంది అక్క సంబరంగా. గ్రేమ్‌కి అర్థం కాలేదు. కేరమ్‌బోర్డు మీద పౌడరెందుకు చల్లుతామో ఆమె చేతులు తిప్పుతూ పావుగంట చెప్పింది. ముసలాయన విని, ఆమె చేత నాలుగు రాళ్ళు వేయించి చూసి, "ఈవిడే మీ స్కిప్," అని తేల్చేశాడు. స్కిప్ అంటే కెప్టెన్. అవతలి చివర నిలబడి రాయి ఎటు రావాలో చూపించి, ఎవరు ఎప్పుడు రుద్దాలో కేకలేసి చెప్పే మనిషి.

అక్కడే వచ్చింది తంటా. అక్క కళ్ళకి అంతా కనిపిస్తుంది, నోటికి మాత్రం ఒక్క పిలుపే వస్తుంది. బ్రష్షులు పట్టింది మగాళ్ళిద్దరూ. ఇంట్లో చీపురు ఏ మూలనుంటుందో ఎరగని ఇద్దరు మగాళ్ళు, అదీ దీపాలు పెట్టే వేళకి ఊడుస్తుంటే చూడ్డానికి నాకు రెండు కళ్ళూ చాల్లేదు. రాయి సగం దూరం వచ్చేది. బావగారు రుద్దాలి. అక్క అటు నుంచి, "ఏమండీ!" అని కేక పెట్టేది.

ఇరవై ఏళ్ళుగా ఆ పిలుపు వినగానే బావగారు ఏం చేస్తారో ఐసు మీదా అదే చేసేవారు. చేస్తున్న పని ఆపి, తలెత్తి, "ఆఁ, ఏంటి ప్రసూనా?" అనేవారు. పక్కన మా ఆయన కూడా ఆగి తలెత్తేవాడు, ఇంట్లో నేను పిలిచేదీ అదేగా. ఇద్దరు మొగుళ్ళూ బుద్ధిగా తలెత్తి నిలబడి ఉంటే, రాయి వాళ్ళ మధ్యలోంచి ఉసూరుమంటూ వచ్చి వలయాల బయటే ఆగిపోయేది.

"పేరు పెట్టి పిలువు స్కిప్," అన్నాడు గ్రేమ్.

"ఒట్టి 'ఊడ్చండి' అను అక్కా," అన్నాను నేను.

"ముందు ఏమండీ అనకుండా ఆయనతో మాట మొదలవదే!" అంది అక్క, నిజంగానే బాధపడుతూ. పాపం, ముస్తాక్‌ని మాత్రం పేరు పెట్టి హాయిగా పిలిచేది. అందుకని తనొక్కడే రుద్దాల్సిన రాళ్ళు బాగా వచ్చేవి, బావగారు రుద్దాల్సినవన్నీ పడుకునేవి.

మొదటి రోజు చిత్తుగా ఓడిపోయి బార్‌కి వెళ్ళాం. ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి కూర్చుని ఏదన్నా తాగడం అక్కడి ఆచారం. మాకు లెమనేడ్. బావగారు అలవాటుగా ముందుకెళ్ళి పర్సు తీశారు. గ్రేమ్ ఆయన చెయ్యి పక్కకి నెట్టాడు. బావగారు గ్రేమ్ చెయ్యి నెట్టారు. హోటల్లో బిల్లు దగ్గర మనవాళ్ళు పడే కుస్తీ మీకు తెలిసిందే. "నో నో, ఐ విల్, ప్లీజ్, యు ఆర్ లైక్ మై ఎల్డర్ బ్రదర్" అంటూ బావగారు కౌంటర్‌కి అడ్డం పడ్డారు. కౌంటర్ వెనక పిల్ల బెదిరిపోయింది. చివరికి గ్రేమ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు.

"ఇక్కడ గెలిచినవాళ్ళు కొంటారు రామ్. ఓడినవాళ్ళు కొనరు. నీకు కొనాలనుంటే గెలువు."

బావగారి మొహం చూడాలి. ఇంటికి గ్యాస్ బిగించడానికి వచ్చినవాడికి కూడా పెసరట్టు పెట్టకుండా పంపని మనిషి. ఊరంతా వచ్చి పెట్టి పోతుంటే తను తిని చెయ్యి కడుక్కోవడం ఆయన వల్ల కాదు. ఆ రోజు లెమనేడ్ మందులా తాగారు.

రెండేళ్ళు ఆడాం. రెండేళ్ళూ ఓడిపోయాం. పిల్లలు స్కేట్లతో ఐసు గీకేశారని, రింక్ ఒక పక్కకి వాలి ఉందని ముస్తాక్ వంకలు చెప్పేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట మీలాంటివాడే, అనేదాన్ని. ప్రతి ఆదివారం గెలిచినవాళ్ళు నవ్వుతూ మాకు లెమనేడ్ కొనిపెట్టేవాళ్ళు. బావగారు గ్లాసు చేతిలో తిప్పుతూ, "ఒక్కసారమ్మా హఫీజా. ఒక్కసారి నేను వీళ్ళకి పెట్టాలి," అనేవారు. మామూలుగా మొదలైన ఆ మాట పోనుపోను ఆయనకి కోరికైంది. అక్క ఆ మాట వినబడనట్టు బూటు తాడు కట్టుకునేది. వినబడేదని నాకు తెలుసు.

ఇంతలో రెండు వేల సంవత్సరం చడీచప్పుడు లేకుండా వచ్చేసింది. ఒక్క కంప్యూటరూ పిచ్చెక్కలేదు. "ఏమీ కాలేదుగా, ఇంత హడావుడి ఎందుకు చేశారో" అన్నారు జనం. ఏమీ కాకుండా చూసినవాళ్ళు కళ్ళు పోయేలా పనిచేసిన సంగతి ఎవరికీ పట్టలేదు. కొత్తగా వస్తున్న జీఎస్‌టీ పన్ను కోసం ప్రోగ్రాములు మార్చాలని ఇంకో ఆర్నెల్లు లాగారు. జూన్‌తో అదీ అయిపోయింది. ముస్తాక్‌కి ఇంకోచోట దొరికింది. బావగారి వయసు చూసి ఎవరూ ముందుకు రాలేదు. జులై మొదటి వారానికి హైదరాబాదు టిక్కెట్లు కొనేశారు. సూట్‌కేసులు దించారు. మిగిలింది ఒకే ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆట, గ్రేమ్ జట్టు మీద.

"ఇవాళ కూడా ఆయనే కొంటాడు," అన్నారు బావగారు కార్లో, నవ్వడానికి ప్రయత్నిస్తూ. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ రోజు ఏం పూనిందో అక్కకి, రాళ్ళు పెట్టినచోట పెట్టినట్టు ఆగాయి. ఇద్దరూ రుద్దాల్సిన చోట ముస్తాక్‌ని పిలిచి, "ఆయనకి కూడా చెప్పు" అని లాక్కొచ్చింది. చివరి రౌండుకి వచ్చేసరికి పాయింట్లలో సమానంగా ఉన్నాం. అలా ఎప్పుడూ జరగలేదు. వాళ్ళ రాయి ఒకటి మధ్య చుక్కకి జానెడు దూరంలో ఉంది. దాని ముందు కాపలాగా ఇంకొకటి. మా చేతిలో చివరి రాయి, వేసేది అక్క. నేను వలయాల దగ్గర బ్రష్షు నిలబెట్టి గురి చూపిస్తున్నాను. కొట్టడానికి దారి లేదు. కాపలా రాయి పక్కనుంచి మెల్లగా తిరిగి, లోపలికి వచ్చి ఆగాలి.

అక్క వంగి, జారి, రాయి వదిలింది. వదలగానే తెలిసింది నాకు. దారి బంగారంలా ఉంది, వేగం మాత్రం చాలదు. మగాళ్ళిద్దరూ రుద్దుకుంటూ పరుగెత్తుకొస్తున్నారు. సగం దూరంలో ముస్తాక్ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. బ్రష్షు ఎటో ఎగిరిపోయింది. ఇక మిగిలింది బావగారొక్కరే.

వెనక నుంచి అక్క, "ఏమండీ!" అంది.

బావగారు అలవాటు చొప్పున ఆగి, తల వెనక్కి తిప్పారు. రాయి ఆయన్ని దాటుకుని మెల్లగా, ఇంకా మెల్లగా వస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"రామ్మోహన్!"

రింక్ అంతా మోగింది. ఆ గొంతు ఎవరిదో నాకు ఒక్క క్షణం తెలీలేదు.

"రామ్మోహన్! ఊడ్చు! ఆగకు! ఊడ్చు!"

కళ్ళు తెరిచాను. బావగారు రాయిని అందుకుని, నడుం విరిగేలా వంగి రుద్దుతున్నారు. ఈసారి తల తిప్పలేదు. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి ఆయన మొహం నాకొక్కదానికే కనిపించింది. యాభైకి దగ్గరపడ్డ ఆ మనిషి, బళ్ళో మేష్టారు మొదటిసారి పేరు పిలిచి మెచ్చుకున్న పిల్లాడిలా ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు, రుద్దుతున్నాడు. వెనక ఆ గొంతు ఆగడం లేదు. రామ్మోహన్, రామ్మోహన్ అని ఇరవై ఏళ్ళ బాకీ అంతా ఒకేసారి తీరుస్తోంది. రాయి కాపలా రాయిని రాసుకుంటూ తిరిగింది. పాకింది. మధ్య చుక్క అంచు మీద ఆగింది.

ఈ ఆటకి అంపైర్ ఉండడు. గ్రేమ్ వచ్చి, వంగి రాళ్ళు చూసి, చేతి తొడుగు తీసి అక్క వైపు చెయ్యి చాచాడు. అక్క మాత్రం రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం బావగారు బార్‌లో ఉన్నవాళ్ళందరికీ కొన్నారు. మా రెండు జట్లకే కాదు, పక్క ఐసు మీద ఆడినవాళ్ళకి, కౌంటర్ వెనక పిల్లకి, పిల్లవాడి టోపీ మర్చిపోయి వెనక్కొచ్చిన ఒక తల్లికి కూడా. "తీసుకోండి, ఇంకొంచెం, మొహమాట పడకండి" అంటూ టేబుల్ టేబుల్‌కీ తిరిగారు. ఆవకాయ అన్నం ఒక్కటే తక్కువ.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అక్క ఏడ్చింది. "నోరు జారిందండీ. నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పింది. మీకేమన్నా అయితే..." అని చెంగు కోసం వెతుక్కుని, ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి స్వెట్టర్ చేత్తో కళ్ళు తుడుచుకుంది.

బావగారు, కార్లో మేమిద్దరం కూడా ఉన్నామని మర్చిపోయినట్టు మెల్లగా, "నా పేరు అంత బాగుంటుందని నాకు తెలీదు ప్రసూనా," అన్నారు. డ్రైవ్ చేస్తున్న ముస్తాక్ రేడియో కట్టేశాడు.

ఆ వారమే వాళ్ళు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో నేను ఏడ్చినంత నా పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఏడవలేదు. మూడేళ్ళకి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చి మళ్ళీ ఇక్కడే తేలారు. అప్పటికి పాత రింక్ మూతపడింది, కొత్తది కట్టారు. ఊరి శివారు టార్నీట్‌లో ఇళ్ళు లేస్తున్న రోజుల్లో రెండు కుటుంబాలం ఒకే వీధిలో కొనుక్కున్నాం. అక్క మోకాళ్ళు మొరాయించేదాకా ఆడింది. ఇంట్లో ఆయన ఎప్పుడూ "ఏమండీ"యే. ఐసు మీద మాత్రం రామ్మోహన్. బావగారు ఎంత జలుబుగా ఉన్నా ఆదివారం మానేవారు కాదు. ఆట కోసమనుకునేవాళ్ళు అందరూ. ఒకసారి నేను ఆటపట్టిస్తే, "వారానికోసారన్నా పేరు పెట్టి పిలిపించుకోవద్దా మరదలా," అన్నారు.

పోయిన చలికాలం బావగారు పోయారు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. మూడో రోజున అక్క నా చెయ్యి పట్టుకుని, "నాయనమ్మ మాట..." అని మొదలుపెట్టింది.

"నువ్వు పేరు పిలిచాక ఇరవై ఏళ్ళ పైన బతికారక్కా మహారాజులా," అన్నాను కసురుతూ. కసరకపోతే నేనూ ఏడ్చేదాన్ని. అక్క ఏడవలేదు. నెల గడిచినా ఏడవలేదు. అదే నాకు భయంగా ఉండేది.

క్లబ్బువాళ్ళు ఒక ఆదివారం ఆయన పేరు మీద ఆట పెట్టుకుని మమ్మల్ని రమ్మన్నారు. ఎవరు గెలిచారో నేను చూడలేదు. అయ్యాక అందరం కేంటీన్‌కి వెళ్ళాం. గ్రేమ్‌కి ఎనభై దాటాయి, చేతికర్ర వచ్చింది. అక్క నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి, "అందరికీ నేను కొంటాను," అని పర్సు తీసింది. గ్రేమ్ కర్ర పొడుచుకుంటూ వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఆమె పర్సు మీద పెట్టాడు.

"ఓడినవాళ్ళు కొనరు, స్కిప్," అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది.

"రామ్మోహన్ ఉంటే ఒప్పుకునేవాడు కాదు," అంది. మామూలు గొంతుతో, మామూలు మాటల్లో, కాళ్ళ కింద ఐసు లేకుండా.

తర్వాత పర్సు మూసేసి, గ్రేమ్ కొనిచ్చిన లెమనేడ్ తీసుకుని, నా పక్కకొచ్చి కూర్చుని ఏడ్చింది.